బూడిద రంగు ఊలు

కుట్టుగది, రెండో అంతస్తు
చలి ఇంకా పూర్తిగా దిగని రోజులు, మధ్యాహ్నం

ప్రియమైన అన్నయ్యకు,

నీ చెల్లెలు నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ అమ్మా నేనూ ఉన్నంతలో బాగానే ఉన్నాం. నువ్వూ అలాగే ఉండాలని మొదటి వరుసలోనే రాయమని అమ్మ ఆజ్ఞ. ఎప్పటిలాగే పక్క మిషను దగ్గర కూర్చుని వింటోంది. నేను రాసిన ప్రతి ముక్కా పైకి చదవాలి. కాబట్టి నీకు తిట్లు తక్కువ పడతాయి, సంతోషించు.

కాగితం పాత కరెంటు బిల్లు. కరెంటు పోయింది, తర్వాత కుళాయిలు పోయాయి, ఆ తర్వాత ఊళ్లో మనుషులే పోయారు. బిల్లులు మాత్రం ఈ ఆఫీసు బీరువాల నిండా చెక్కుచెదరకుండా ఉన్నాయి. వెనకవైపు ఖాళీ కదా, మన ఉత్తరాలకి ఢోకా లేదు.

ముందు నీ కబురు సంగతి. మొన్న ఉప్పు బండాయన వచ్చినప్పుడు గేటు దగ్గరికి నేనే వెళ్లాను. నువ్వు ఆనకట్ట దగ్గర క్షేమంగా ఉన్నావనీ, వెళ్లిన పని అవ్వలేదు కాబట్టి విత్తనాలు దొరికేదాకా చలికాలం అక్కడే ఉంటావనీ, నీ చోటు గేటు బయట పిల్లకి ఇచ్చేయమన్నావనీ అమ్మకి వచ్చి చెప్పాను. అమ్మకి ముందు కోపం వచ్చింది. రెండు ముక్కలు రాయడానికి చేతులు పడిపోయాయా వాడికి, అంది. ఆ మాట యథాతథంగా రాయమంది కూడా.

పోయిన ఉత్తరంలో రాశాను కదా, ఆ పిల్ల గురించి. తాతతో వచ్చింది. తాత మన గోడకి ఆనుకునే కన్ను మూశాడు. అప్పటినుంచి రేకు ముక్క కింద ఒక్కతే ఉంటోంది. ఎనిమిదేళ్లుంటాయేమో. దగ్గు కుట్టుగది కిటికీలోంచి వినిపించేది. వినిపించినప్పుడల్లా అమ్మ మిషను ఇంకాస్త గట్టిగా తొక్కేది.

చలి దిగేలోపు తిరిగి రానివాళ్ల చోటు, ఇంట్లోవాళ్లు ఒప్పుకుంటే, బయట కాచుకున్నవాళ్లకి ఇవ్వాలని ఇక్కడి కట్టుబాటు. మేస్త్రీ బాబాయి అడగడానికి వచ్చిన ప్రతిసారీ అమ్మ నీ పరుపు మీద బైఠాయించింది. నా కొడుకు బతికుండగా వాడి పక్క ఎవరికీ ఇవ్వను పొమ్మంది. ఇంతమంది మధ్య ఆ ఒక్క పరుపు ఖాళీగా ఉంటే నాకు సిగ్గుగా ఉండేది, కానీ అమ్మ ముఖం చూసి నోరు మెదపలేదు. నీ కబురుతో అంతా సర్దుకుంది. చిన్నప్పటి నుంచీ వాడంతే, తన కంచంలోది పక్కవాడికి పెట్టేసి వస్తాడు అని కాసేపు ఏడ్చి, కాసేపు గొప్పలు పోయి, తనే కిందికి వెళ్లి ఆ పిల్లని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. రెండు రాత్రులుగా అది నీ పరుపు మీద పడుకుంటోంది. దగ్గు ఇంకా ఉంది. నిద్రలో కాళ్లతో తంతుంది, నీకు తగ్గ వారసురాలే.

పని సంగతి. దారుల్లో దొరికిన బట్టలు మూటలు మూటలుగా వస్తూనే ఉన్నాయి. మేం కుట్లు విప్పి దేనికది వేరుచేస్తున్నాం. ఎవరివని అడక్కూడదన్న టైలరమ్మ పద్ధతి నీకు తెలిసిందే. గుర్తుపట్టిన మనిషి ఏమీ మాట్లాడకుండా కత్తెర కింద పెట్టి లేచిపోవాలి, మిగతాది పక్కవాళ్లు విప్పాలి. పోయిన వారం కరెంటు పిన్ని కత్తెర కింద పెట్టింది. గళ్ల చొక్కా. సగం నేనే విప్పాను. స్తంభాలెక్కి మనల్ని నవ్వించిన కరెంటు బాబాయి ఇక రాడన్నమాట. సాయంత్రం పిన్ని మళ్లీ వచ్చి కూర్చుని ఇంకో బట్ట అందుకుంది. సూది ఉందా అని మాత్రం అడిగాను.

ఒక మంచి వార్త. మొన్నటి మూటలో ఊలు దొరికింది, బూడిద రంగుది. నీకు సాక్సులు అల్లుతానని అమ్మ ఉండ మొత్తం లాక్కుంది. అందరిదీ కదా అని పిన్ని గొణిగితే, నా కొడుకు ఆనకట్ట గాలిలో ఉన్నాడు అని పెద్ద రగడ చేసింది. టైలరమ్మ ఎందుకో అమ్మకే వదిలేసింది.

ఒళ్లు జాగ్రత్త. పాదాలు తడిగా ఉంచుకోకు. ఇవి అమ్మ మాటలు. ఈసారి సొంత చేత్తో రాయి. ఇదీ అమ్మ మాటే.

ఇట్లు,
నీ చెల్లెలు
(నువ్వు పెట్టిన పేరు ప్రకారం, సూదిముక్కు)

తా.క. అమ్మ నీళ్ల వరుసలో నిలబడడానికి కిందికి వెళ్లింది. ఇది ఎవరికీ చదివి వినిపించను.

నువ్వు ఏ కబురూ పంపలేదు అన్నయ్యా. బండాయన నిన్ను చూడనే లేదన్నాడు. తెచ్చింది మూట ఒక్కటే, వంతెన అవతల దారి పక్కన దొరికిందట. అందులో నీ స్వెట్టర్ ఉంది. మోచేతి దగ్గర నేను నీలం దారంతో రఫూ చేస్తే వానపాములా ఉందని వెక్కిరించావే, అదే. ఇంకెవరిదో అయ్యుంటుందని చాలాసేపు అనుకోవాలని చూశాను. అంత దరిద్రంగా రఫూ చేసేది ఈ లోకంలో నేనొక్కదాన్నే.

నేను కత్తెర కింద పెట్టలేదు. పెడితే సాయంత్రానికల్లా అమ్మకి తెలిసిపోతుంది. నాన్న చొక్కా వచ్చినప్పుడు ఎలా అయిపోయిందో ఇద్దరం చూశాం. బతిమాలి తినిపించడానికి అప్పుడు నువ్వున్నావు. ఇప్పుడు నేనొక్కదాన్నే, నాకు చాలా భయం వేసింది. అమ్మ గదిలో లేనప్పుడు మొత్తం నేనే విప్పేశాను. టైలరమ్మ చూసింది. నీలం దారపు ముక్కలు ఏరి పొయ్యిలో వేసింది, ఊలు చుట్టడానికి రెండు చేతులూ చాపింది.

నీ పరుపు అలా ఖాళీగా ఉంటే, కిటికీ బయట ఆ దగ్గు వింటూ కూర్చోలేకపోయాను. నువ్వుంటే ఇచ్చేసేవాడివి. నేను చెప్పిన దాంట్లో అదొక్కటే నిజం.

ఆ ఊలు తిరిగి తిరిగి అమ్మ చేతికే వస్తుందనుకోలేదు. నిన్న అల్లిక మొదలుపెడుతూ నీ పాదం కొలత గుర్తురావడం లేదంది. కుట్టు సుద్దతో నేల మీద గీసి చూపించాను. వీడి పాదం ఇంత పెద్దదెప్పుడయిందే, ఊలు సరిపోతుందో లేదో అని బెంగపడింది.

సరిపోతుందమ్మా, ఇంకా మిగులుతుంది అన్నాను.