తెల్ల కోకల తగాదా

మదనపల్లె,
2008 జులై.

శంకరప్ప మామకు మేనల్లుడు లక్ష్మీపతి నమస్కారాలు. అక్కడ అందరూ క్షేమమనే అనుకుంటున్నాను. అంతకు మించి విచారించే ఓపిక లేదు.

ఆఫీసులో నాకొక సర్వే అంటగట్టారు. చిన్నపిల్లలకు నిమోనియా రాకుండా న్యూమోకోకల్ అనే టీకా వచ్చింది. అది మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు ఎందరికి అందుతోంది, ఏటికేడు పెరుగుతోందా తరుగుతోందా చెప్పాలట. మదనపల్లెలో డాక్టర్ల గుమ్మాలన్నీ ఎక్కి దిగాను. పుంగనూరులో ఎండకు మాడాను. కుప్పం దాకా వచ్చే శక్తి నాకూ లేదు, నా స్కూటరుకూ లేదు. మీ ఊళ్లో ఎందరికి అందిందో కనుక్కుని రాయండి.

అలసిపోయిన అల్లుడు,
లక్ష్మీపతి

తా.క.: అత్త పంపిన ఊరగాయ అయిపోయింది. ఇది సర్వేలో భాగం కాదు.

* * *

కుప్పం దగ్గర మన ఊరు.

చిరంజీవి లక్ష్మీపతికి మామ దీవెనలు.

నీ ఉత్తరం పోస్టుమాన్ సంచిలో వానకు నానింది. 'చిన్నపిల్లలకు' అని ఒకచోట, 'పుంగనూరు' అని ఒకచోట, 'న్యూ' అని ఒకచోట, ఒక పెద్ద మచ్చ, దాని పక్కన 'కోకల్' అని మిగిలాయి. చివర 'మీ ఊళ్లో ఎందరికి అందిందో' దగ్గర్నుంచి ఊరగాయ దాకా బాగా కనిపించింది. మిగతాది నేనే అర్థం చేసుకున్నాలే, దిగులుపడకు.

న్యూ కోకల్ మా ఊళ్లో ఒక్కరికీ అందలేదు. బిడ్డలున్న ప్రతి ఇంటికీ పోయి అడిగాను. మనవరాలిని ఎత్తుకునే మునెమ్మ నా మీదికే లేచింది. "పుంగనూరోళ్లకు ఇచ్చి మాకు యాల ఇయ్యలేదప్పా? మా బిడ్డలు బిడ్డలు కాదా?" అంది. రంగెట్లాంటిది, వెలెంత, ఒక్కో బిడ్డకు ఎన్ని ఇస్తారు, అన్నీ వివరంగా రాయమంటున్నారు.

మీ మామ,
శంకరప్ప

తా.క.: ఊరగాయ కావాలంటే నువ్వే వచ్చి తీసుకుపో. జాడీ తపాలాలో పోదు.

* * *

మదనపల్లె.

మామకు నమస్కారాలు.

మీ ఊరికి సున్నా వేసుకున్నాను. 'న్యూ కోకల్' అని రాశారు, పర్వాలేదు. మా టైపిస్టు ఇంతకన్నా ఘోరంగా కొడతాడు.

రంగు అడిగినవాళ్లు ఇన్నాళ్లలో మీరొక్కరే. తెలుపు. వెల ఒక్కోదానికి వేలల్లో ఉంది. సర్కారు ఉచితంగా ఇవ్వడం లేదు, ప్రైవేటులో కొనుక్కోవాలి. ఒక్కో బిడ్డకు మూడు, ఏడాది దాటాక ఇంకొకటి. ఎప్పుడూ ఫ్రిజ్‌లోనే ఉంచాలి, కరెంటు పోతే పాడవుతాయి. మదనపల్లెలో కలిగినవాళ్ల ఇళ్లలో ఈమధ్య కాస్త పెరిగింది. పుంగనూరులో ఇద్దరు ముగ్గురు వ్యాపారుల పిల్లలకు అందింది. మీ వైపు ఏమీ లేదు. గ్రాఫు గీస్తే మిద్దె మీంచి దూకినట్టుంది.

లక్ష్మీపతి

తా.క.: వేయించిన రోజు ఒళ్లు కాస్త వెచ్చబడుతుంది. భయపడొద్దని చెప్పండి.

* * *

మన ఊరు.

ఒరేయ్ లక్ష్మీపతీ,

దీవెనలు తర్వాత. న్యూ కోకలంటే బిడ్డల తల్లులకు సర్కారిచ్చే కొత్త కోకలని ఊరంతా చెప్పి ఉన్నానా, నీ ఉత్తరాన్ని రచ్చబండ మీద పైకి చదివాను. ఆ పని చేయకుండా ఉండాల్సింది.

"మొగుళ్లు గుండ్రాళ్ల మాదిరి బతికుండంగా మాకు తెల్ల కోకలు ఇస్తారా?" అని మునెమ్మ చేట విసిరికొట్టింది. నాకు కొంచెంలో తప్పింది. వేలు పోసి కొనేదానికి అవేమన్నా కంచిపట్టా అని ఇంకొకామె. చీర కడితే జ్వరమొస్తుందంటే అదేం నేత అని నాకూ అనుమానం వచ్చింది. బుధవారం ఆడవాళ్లందరూ బిడ్డలను చంకనేసుకుని నర్సు గౌరమ్మ సబ్‌సెంటరు ముందర కూర్చుంటారట. సర్కారు మనిషి అంటే ఈడ ఆమె ఒక్కతే కదా. నన్ను ముందు నడవమంటున్నారు.

శంకరప్ప

తా.క.: కోకలు ఫ్రిజ్‌లో పెడితే కూరగాయలు యాడ పెట్టాల అని మీ అత్త అడుగుతోంది. మనకు ఫ్రిజ్ లేదని చెప్పినా వినడం లేదు.

* * *

మదనపల్లె.

మామా!

కోకలు కాదు! చీరలు కాదు! టీకా! పిల్లల తొడకు వేసే సూది! నిమోనియా రాకుండా వేసేది! వాళ్లను ఆపండి. గౌరమ్మ పైవాళ్లకు ఫిర్యాదు రాస్తే నా ఉద్యోగం గోవిందా.

లక్ష్మీపతి

తా.క.: ఈ ఉత్తరాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి పంపుతున్నాను.

* * *

మన ఊరు.

చిరంజీవి లక్ష్మీపతికి దీవెనలు.

ఉత్తరం పొడిగా అందింది. కానీ గురువారం అందింది.

బుధవారమే అందరం పోయాం. మునెమ్మ తన మనవరాలు హరితను చంకలో పెట్టుకుని గేటు దగ్గరే అరుపులు మొదలుపెట్టింది. గౌరమ్మ నా చేతిలోని నీ వెనకటి ఉత్తరం తీసుకుని చదివి, మెట్ల మీద కూలబడి నవ్వింది. కళ్లు తుడుచుకుని లేచేసరికి ఆమె చూపు హరిత మీద పడింది. నవ్వు ఆగిపోయింది. బిడ్డ చొక్కా పైకెత్తింది.

"ఎన్నాళ్లనుంచి ఇట్లుండాది?"

"రొంత దగ్గు. మిరియాల కషాయం పోస్తాండాను," అంది మునెమ్మ.

"డొక్కలు ఎగరేస్తాండాది సూడు! నెమ్ము పట్టేసింది. ఇంట్లో ఉంటే రేపటికి బిడ్డ దక్కేది కాదు. జీపు పిలిపించప్పా!"

నా కాళ్లు ఇంత వేగంగా నడిచి ఎన్నేళ్లయిందో! కుప్పం ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు. దారి పొడుగునా మునెమ్మ బిడ్డ డొక్కల మీంచి చెయ్యి తీయలేదు. ఇప్పుడు బిడ్డ పాలు తాగుతోంది. వచ్చిన మిగతా పిల్లలకు తప్పిపోయిన పాత టీకాలన్నీ గౌరమ్మ ఆరోజే వేసేసింది. ఎవరూ తిరిగిపోలేదు.

ఆసుపత్రి వరండాలో నీ పొడి ఉత్తరం చదివి వినిపిస్తే, మునెమ్మ నా పక్కన కూర్చుని అడిగింది: "ఆ నెమ్ము సూది పుంగనూరు దాకా వచ్చిందంటివే, మా ఊరికి ఎప్పుడొస్తాది, సామీ?"

నిన్నే అడిగి చెబుతానన్నాను. నీకు తెలిస్తే రాయి. తెలియకపోతే తెలియదనే రాయి. ఏవో కల్లబొల్లి మాటలు రాస్తే ఆమె బస్సెక్కి మదనపల్లెకే వస్తుంది.

మీ మామ,
శంకరప్ప

తా.క.: వస్తే ఒక్కతే రాదు. టికెట్లు ఎంతవుతాయని అందరూ అప్పుడే కండక్టరును అడిగేశారు.