నిమ్మకాయ ఉంటే పెళ్ళి, లేకుంటే ఆయుధం

రూం 212, ఇండస్ట్రియల్ ఏరియా క్యాంపు
నవంబర్ 2

క్యాంపు ఆఫీసు నిసార్ అహ్మద్ సాబ్ గారికి, తాపీ మేస్త్రీ లింబాద్రి వేలకు వేల సలాములు చేసి రాయునది.

సాబ్, తమరు మా ఆర్మూరు వైపు వారేననీ, తెలుగులో రాస్తే చదువుతారనీ విని ధైర్యం చేస్తున్నాను. నేను తెల్లవారి నాలుగున్నర బస్సుకు డ్యూటీకి పోతే మళ్ళీ వచ్చేది సాయంత్రం ఆరున్నరకు. మీ ఆఫీసు తెరిచేది ఎనిమిదికి, మూసేది నాలుగుకు. ఈ గల్ఫ్‌లో ఏడేళ్ళుగా ఒకే క్యాంపులో ఉండి కూడా ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. అందుకే ఫిర్యాదుల డబ్బాలో వేస్తున్నాను.

నిన్న గేటు దగ్గర సెక్యూరిటీ ఇస్హాక్ నా నడుము తడిమి ఒక కత్తి పట్టుకున్నాడు. అది జానెడు కూడా ఉండదు. దొంగతనానికీ కాదు, తగాదాకూ కాదు. మా అక్క రాములవ్వ కొడుకు మారుతి ఈ క్యాంపులోనే స్టీల్ ఫిక్సర్, ఇనుప చువ్వలు వంచి కట్టే పని. వాడి పెళ్ళి ఈ నెల 22న మెట్‌పల్లి దగ్గర మా ఊళ్ళో. కంపెనీ సెలవు ఇచ్చింది 20 సాయంత్రం నుంచి. పంతులేమో పెళ్ళికొడుకుని చేయడానికి 17 తప్ప మంచిరోజు లేదన్నాడు. అంటే వాడికి పసుపు పడేది ఇక్కడే, రూం 212లోనే. పసుపు పడ్డాక పెళ్ళికొడుకు చేతిలో నిమ్మకాయ గుచ్చిన కత్తి లేకుండా అడుగు బయట పెట్టకూడదని మీకు తెలియనిది కాదు.

పోయిన ఏడాది వాడు సెలవులో ఊరికి పోయినప్పుడు మొదటి సంబంధం ఇలాగే చెడింది. పసుపు పడ్డాక ఉత్త చేతులతో ఊళ్ళోకి ఫోన్ రీచార్జి చేయించుకోవడానికి పోయాడు. తెల్లారేసరికి పిల్ల తాత కాలం చేశాడు. పెళ్ళి ఆగింది, ఆగిన పెళ్ళి మళ్ళీ కదలలేదు. ఈసారి అక్క ఫోన్లో ఒకే మాట చెప్పింది. "చేతిల ఇనుము లేకుంటే ఈ పెండ్లి నేను చెయ్య."

మా ఇంట్లో ఆ కత్తి మేనమామ పెట్టాలి. నాకు సెలవు దొరకలేదు. పెళ్ళిలో నా వంతుగా ఉండేది ఆ కత్తి ఒక్కటే. అది చెబుతుంటే నాకు ఏడుపొస్తుంది, రాస్తే రావడం లేదు. దయచేసి ఇప్పించగలరు.

మీ విధేయుడు
లింబాద్రి

తా.క. కత్తికి పదును లేదు. ఇస్హాక్ దానితో ఆపిల్ కోయబోయి, విసుగొచ్చి చేత్తో విరుచుకుని తిన్నాడు. సాక్షులున్నారు.

*

క్యాంపు ఆఫీసు
నవంబర్ 4

శ్రీ లింబాద్రి గారికి,

విషయం: ఒంటిమీద దాచిన ఆయుధం.

మీ ఉత్తరం అందింది. క్యాంపు నియమావళి 14వ నిబంధన ప్రకారం ఆవరణలో ఎవరూ పదునైన ఆయుధాన్ని ఒంటిమీద దాచుకుని తిరగరాదు. పదును లేదు కనుక ఆయుధం కాదని మీరు వాదించవచ్చు. ఆపిల్ సాక్ష్యాన్ని ఆఫీసు పరిగణించదు.

కత్తిని దాచకుండా చేతిలోనే పట్టుకొస్తానని మీరు అనబోతారని నాకు తెలుసు. దానికి 13వ నిబంధన ఉంది.

నిబంధన మార్చే అధికారం నాకు లేదు. క్యాంపులో ఉండేవారిలో పదోవంతు మంది సంతకాలు పెడితే ఓటింగ్ జరపాలి, ఎక్కువ మంది ఒప్పుకుంటే నిబంధన మారుతుంది. మనం 1,240 మందిమి, కాబట్టి 124 సంతకాలు కావాలి. ఏడేళ్ళలో ఇది ఎవరి వల్లా కాలేదు. వై-ఫై కోసం ఒకరు మొదలుపెట్టి పదకొండో సంతకం దగ్గర ఆగిపోయారు. కనుక ఈ విషయం ఇంతటితో ముగిసినట్టు భావించగలరు.

ఇట్లు
నిసార్ అహ్మద్

తా.క. వేలకు వేల సలాములు అక్కర్లేదు. ఒకటి చాలు.

*

రూం 212
నవంబర్ 6

దారి చూపిన దేవుడు నిసార్ సాబ్ గారికి, లింబాద్రి ఒక్క సలాం.

మీరు ఇంత సాయం చేస్తారనుకోలేదు. ఓటింగ్ పెట్టుకోమని అంత వివరంగా రాస్తిరి, వై-ఫై వాళ్ళలాగా మధ్యలో ఆపొద్దని హెచ్చరిస్తిరి. మీ ఉత్తరాన్ని రూంలో అందరికీ చదివి వినిపించాను. మా ఊరి రాజేందర్, ఈ కత్తిని సెలవు నుంచి వస్తూ సామాన్ల పెట్టెలో పెట్టుకొచ్చినవాడు, "సాబ్ మనోడే" అని కళ్ళు తుడుచుకున్నాడు.

ఇందుతో 347 సంతకాలు జతచేశాను. రెండు సాయంత్రాల పని. మెస్‌లో అన్నం లైను ఉంటుంది కదా, లైను మొదట్లో నేను కాగితం పట్టుకుని నిలబడ్డాను, చివర్లో రాజేందర్ నిలబడ్డాడు. ఆకలి మీద ఉన్నవాడు ఎక్కువ ప్రశ్నలు అడగడు. మారుతిని కూడా నిలబెడదామంటే వాడు సిగ్గుపడి బాత్రూంలో గడియ పెట్టుకున్నాడు. పెళ్ళికొడుకు లక్షణాలు వచ్చేశాయి, కత్తి ఒక్కటే తక్కువ.

మీ మేలు మరువని
లింబాద్రి

తా.క. 88వ సంతకం ఇస్హాక్‌ది. పట్టుకున్నవాడే వదలమంటుంటే ఇంకా అడ్డేముంది సాబ్?

*

క్యాంపు ఆఫీసు
నవంబర్ 8

శ్రీ లింబాద్రి గారికి,

నేను దారి చూపలేదు, మూశాను. ఆ సంగతి అలా ఉంచండి.

సంతకాలు పరిశీలించాను. పెట్టినవారిని పిలిచి అడిగితే, 61 మంది శుక్రవారం బిర్యానీ కోసం అనుకున్నారు. 19 మంది వై-ఫై ఉద్యమం మళ్ళీ లేచిందని సంబరపడ్డారు. ఒకటి సంతకం కాదు, పప్పు మరక. ఒకాయన మూడుసార్లు పెట్టారు. ఎందుకని అడిగితే లైనులో మూడుసార్లు వచ్చానన్నారు, దానిపై మెస్ వారు విడిగా విచారిస్తున్నారు.

అయినా 264 నిలబడ్డాయి. నిబంధన నిబంధనే. ఓటింగ్ 14వ తేదీ శుక్రవారం మధ్యాహ్నం మెస్ హాల్లో. ప్రశ్నను నేనే తయారుచేసి నాలుగు భాషల్లో నోటీసు బోర్డు మీద పెట్టించాను: "క్యాంపు ఆవరణలో దాచిన ఆయుధములు ధరించుటకు అనుమతించవచ్చునా?" అన్ని విధాలా స్పష్టంగా ఉందని నా నమ్మకం.

ఇట్లు
నిసార్ అహ్మద్

తా.క. ఇస్హాక్‌ను పిలిచి అడిగాను. అతనూ బిర్యానీ అనుకున్నాడు.

*

రూం 212
నవంబర్ 10

నిసార్ సాబ్ గారికి, కొంప మునిగిన లింబాద్రి రాయునది.

సాబ్, ఆ ప్రశ్న మీరే రాశారా? పెళ్ళి అన్న మాట లేదు, నిమ్మకాయ అన్న మాట లేదు! మూడో బ్లాకు వాళ్ళు కంపెనీ మనిషికో కత్తి పంచుతుందని అనుకుని, హెల్మెట్లలాగే సైజులవారీగా ఇస్తారా అని నన్ను అడుగుతున్నారు. రెండో బ్లాకు వాళ్ళేమో భయపడి సాయంత్రం ఏడుకే తలుపులకు మంచాలు అడ్డం పెడుతున్నారు. నిన్న హెడ్డాఫీసు నుంచి ముగ్గురు సూట్లవాళ్ళు వచ్చి, తిరుగుబాటు నాయకుడు ఎవరని అడిగారట. ఎవరో మారుతిని చూపించారు. వాడప్పుడు అద్దంలో మీసం కత్తిరించుకుంటున్నాడు. కత్తెర కూడా పోయింది. ఇప్పుడు వాడికి మీసం ఒకవైపే ఉంది.

మెస్ ఇన్‌ఛార్జి అద్నాన్ మాకు ఎదురు నిలబడ్డాడు. తప్పు మాదే. మన గుర్తుగా కుర్రాళ్ళంతా జేబుకు నిమ్మకాయ కట్టుకుని తిరిగారు, వంటింట్లో ఒక్కటి మిగల్లేదు. ఆయన ఉల్లిగడ్డ గుర్తు పెట్టి, కత్తి పట్టుకున్న ప్రతివాడూ రేపు పెళ్ళికొడుకునే అంటే ఎవరు తేలుస్తారని లైనులో అందరికీ నూరిపోస్తున్నాడు. నిజం చెప్పొద్దూ, అది మంచి ప్రశ్నే. దాని మీదే ఆలోచిస్తూ ఆ పూట అన్నం సగంలో వదిలేశాను.

తర్వాత తోచింది. దయచేసి ప్రశ్నను ఇలా మార్చండి: "పసుపు పడిన పెళ్ళికొడుకు, నిమ్మకాయ గుచ్చిన కత్తిని, ఊరికి పోయేదాకా దగ్గర ఉంచుకోవచ్చునా? నిమ్మకాయ ఉంటే పెళ్ళి, లేకుంటే ఆయుధం. పెళ్ళికొడుకు పక్కన లేని కత్తిని సెక్యూరిటీ వెంటనే పట్టుకోవాలి." చివరి ముక్క అద్నాన్ నోరు మూయించడానికి నేనే చేర్చాను. మా అక్క రోజూ ఫోన్ చేసి ఏమైందని అడుగుతోంది. ఏడు రోజులే ఉంది సాబ్.

మీ
లింబాద్రి

తా.క. పెళ్ళై పదేళ్ళైనవాళ్ళు కొందరు ఇది పాత పెళ్ళికొడుకులకు కూడా వర్తిస్తుందా అని అడుగుతున్నారు. ఇప్పుడు కత్తి ఎందుకయ్యా అంటే, అప్పుడే ఉండాల్సిందంటున్నారు.

*

క్యాంపు ఆఫీసు
నవంబర్ 15

లింబాద్రి భాయ్‌కి,

ముబారక్. పోలైన ఓట్లు 983. నిమ్మకాయకు 611, ఉల్లిగడ్డకు 358. చెల్లనివి 14, అందులో తొమ్మిదింటి మీద "బిర్యానీ" అని రాసి ఉంది.

ప్రశ్నను మీరు రాసినట్టే, అక్షరం పొల్లుపోకుండా పెట్టాను. ఇప్పుడది 14(ఎ) నిబంధన. హెడ్డాఫీసువారికి అంతా వివరించాను. వారిలో పెద్దాయన, నిమ్మకాయ ఏ సైజు ఉండాలని అడిగారు. కత్తి ఇస్హాక్ దగ్గర తీసుకోండి, మారుతి కత్తెర కూడా. ముద్ర వేసిన అనుమతి కాగితం జతచేశాను. పసుపు రోజు నాలుగుకు ఆఫీసు మూశాక నేనూ రూం 212కు వస్తాను. ఏడేళ్ళైంది, ఇకనైనా మొహాలు చూసుకుందాం.

మీ
నిసార్

తా.క. ఒక మాట దాచాను, చెప్పేస్తాను. మొన్న ఏప్రిల్‌లో మా అబ్బాయి ఫహద్ పెళ్ళికి పసుపు పూసిన రోజు నుంచీ మా ఆవిడ రెహానా వాడి దిండు కింద చాకు పెట్టి పడుకోబెట్టింది. మీ మొదటి ఉత్తరం చదివినప్పుడే నాకంతా అర్థమైంది. కానీ దిండుకు 14వ నిబంధన లేదు భాయ్, క్యాంపుకు ఉంది.

*

రూం 212
నవంబర్ 25

నిసార్ భాయ్‌కి, లింబాద్రి సలాం. ఈసారి నిజంగానే వేలకు వేలు.

పెళ్ళి అయింది. వీడియోలో చూశాను. కోడలు సుహాసిని చక్కగా ఉంది, మారుతి కూడా రెండు వైపులా మీసంతో పరవాలేదు. కానీ మధ్యలో ఒకటి జరిగింది. మీ మొహం చూసి చెప్పలేక రాస్తున్నాను.

పసుపు రోజు మీరే చూశారు కదా, అద్నాన్ కూడా వచ్చి తాంబాళం నిండా నిమ్మకాయలు పెట్టి మారుతిని కౌగిలించుకున్నాడు. మూడు రోజులు వాడు కత్తి నడుముకు కట్టుకుని రాజాలా తిరిగాడు. 20వ తేదీ కంపెనీ వ్యాన్‌లో వాణ్ణి ఎయిర్‌పోర్టుకు తీసుకుపోయాను. లోపలికి పోయే తనిఖీ దగ్గర వాడు మొహం నిండా పసుపుతో, చేతిలో నిమ్మకాయ గుచ్చిన కత్తితో లైనులో నిలబడ్డాడు.

భాయ్, ఒక్కరికీ తోచలేదు. 264 మంది సంతకం పెట్టారు, 983 మంది ఓటేశారు, సూట్లవాళ్ళు ముగ్గురు తలలు పట్టుకున్నారు, మీరు ముద్ర వేశారు. కత్తితో విమానం ఎక్కనివ్వరన్న మాట ఒక్కరి నోటా రాలేదు!

నేను మీ కాగితం తీసి తనిఖీ ఆఫీసరుకు 14(ఎ) చూపించాను. ఆయన పాపం ఓపికగా చదివించుకుని విన్నాడు. సంగతి తెలిశాక మారుతికి మబ్రూక్ అని శుభాకాంక్షలు చెప్పాడు, నిమ్మకాయకు అభ్యంతరం లేదన్నాడు, కత్తి మాత్రం మాఫీ, అంటే అరబ్బీలో కుదరదు, అన్నాడు. అక్కడి నుంచే అక్కకు ఫోన్ చేశాను. పెళ్ళి ఆపేస్తుందనే అనుకున్నాను.

అక్క అంతా విని ఇలా అంది. "నేనేమన్నరా? చేతిల ఇనుము ఉండాలన్న. కత్తి అన్నది ఎవలు? నువ్వే. పొద్దంతా ఇనుము వంచే పోరనికి ఒక్క మేకు దొరకలేదా?"

మొలతాడుకు కట్టుకున్న నా పెట్టె తాళంచెవి విప్పి నిమ్మకాయకు గుచ్చి మారుతి చేతిలో పెట్టాను. ఏడేళ్ళుగా ఇస్హాక్ రోజూ నా నడుము తడుముతున్నాడు, ఆ చెవిని ఒక్కనాడూ పట్టించుకోలేదు. మారుతి దాన్ని పట్టుకునే విమానం ఎక్కాడు, పట్టుకునే పీటల మీద కూర్చున్నాడు. వీడియోలో తాళి కట్టేటప్పుడు అక్క ఆ చెవిని కెమెరా ముందుకు పట్టి, "ఇగో, మేనమామ ఈడనే ఉన్నడు" అంది. నేను పెళ్ళిలో ఉన్నాను భాయ్. బాగా ఏడ్చాను, ఈసారి రాస్తుంటే కూడా వస్తోంది.

ఇక కత్తి సంగతి. ఎయిర్‌పోర్టు నుంచి దాన్ని తిరిగి తెస్తుంటే గేటు దగ్గర ఇస్హాక్ పట్టుకున్నాడు. పెళ్ళికొడుకు ఏడీ, నిమ్మకాయ ఏదీ అన్నాడు. నేను రాసిన నిబంధన నాకే చదివి వినిపించాడు. అక్షరం పొల్లుపోలేదు.

మీ తమ్ముడు
లింబాద్రి

తా.క. చెవి ఊళ్ళో ఉంది, పెట్టె ఇక్కడ ఉంది, నా బట్టలన్నీ పెట్టెలో ఉన్నాయి. ఐదు రోజులుగా ఒకే లుంగీ. తాళం కోయడానికి సైటు నుంచి ఒక రంపం తేవాలి. దానికి కూడా 124 సంతకాలేనా భాయ్? అయితే ఈసారి కాగితం మీద ముందే బిర్యానీ అని రాసేస్తాను.