మూసిన కళ్ళ మొహం

ఫ్లారెన్స్, 1487 ఏప్రిల్ 20

చిరంజీవి లాపోకి నాయనమ్మ టెస్సా దీవెనలు.

మన ప్రార్థనా మందిరం గోడబొమ్మలు జూన్ నెలాఖరులో వచ్చే సెయింట్ జాన్ పండుగకల్లా పూర్తి కావాలి కనుక ఇప్పుడు రాస్తున్నాను. బాలయేసు చుట్టూ చేరిన కాపరులకు మన ఇంటివాళ్ళ మొహాలే వేయిస్తున్నాను. మీ తాత, నాన్న, అమ్మ అయ్యారు; పోయినవాళ్ళు కనుక పేచీ పెట్టలేదు. నీ చోటే ఖాళీ. వచ్చి చిత్రకారుడు బిండో ఎదుట కూర్చో. పనిమనిషి మియాకు చెవుడు కనుక, నువ్వు రోమ్ వెళ్ళిన ఈ మూడేళ్ళుగా ఈ ఇంట్లో నా మాట వినేవారు లేరు. ఇది ఫిర్యాదు కాదు, సమాచారం.

ఇట్లు, నాయనమ్మ

తా.క.: నువ్వు రాకపోతే ఆ ఖాళీలో తన మొహమే వేసుకుంటానంటున్నాడు బిండో. ఆ ముక్కు మన వంశంలో చేరడానికి నేను ఒప్పుకోను.

రోమ్, మే 2

పూజ్యురాలైన నాయనమ్మకు లాపో నమస్కారాలు.

రాలేను, కోప్పడకు. నేను కొలువు చేస్తున్న కార్డినల్ గారి ద్రాక్షతోటలో పాతకాలపు పాలరాతి విగ్రహం బయటపడింది. తల దొరికింది, మొండెం కోసం తవ్వుతున్నాం. వెయ్యేళ్ళు మట్టిలో ఎదురుచూసినవాణ్ణి సగంలో వదిలి ఎలా రాను? అందుకే నా మొహానికి ప్లాస్టర్ అచ్చు తీయించి పెట్టెలో పంపుతున్నాను. బిండో దాన్ని చూసి వేస్తాడు.

నీ మనవడు, లాపో

తా.క.: అది నాకన్నా బుద్ధిగా ఉంటుంది. ఎదురు చెప్పదు.

ఫ్లారెన్స్, మే 15

లాపోకి. బతికి ఉంటే నువ్వే చదువు. లేకపోతే తలుపు తీసినవారు చదివి జవాబు రాయగలరు.

ఉత్తరం కన్నా ముందు పెట్టె వచ్చింది. మూత తీసి మియా కెవ్వుమంది: "అమ్మగారూ, చిన్నబాబు పోయాడు!" మన ఊళ్ళో ఇంటింటా చలిమంట గూడు పైన వరసగా ఉన్న ప్లాస్టర్ మొహాలన్నీ పోయినవాళ్ళవే కదా. వీధంతా వచ్చింది. చర్చి గురువు మాజో చావుగంట కొట్టించాడు. రెండు రోజులకు నీ ఉత్తరం చేరితే చూపించాను. "పాపం, పోయేముందు రాసుకున్నాడు" అని మళ్ళీ మొదలుపెట్టారు. ఎదురింటి లిసా, "ఎంత నెమ్మదస్తుడమ్మా, ఏనాడూ ఎదురు చెప్పలేదు" అంది. ఏడుస్తున్నది నీ కోసమేనా అని నాకు అనుమానం వచ్చింది.

ఇట్లు, నాయనమ్మ

తా.క.: నిన్ను కాపరిగా కాక, యేసు బతికించకముందు సమాధిలో పడుకున్న లాజరుగా వేస్తానంటున్నాడు బిండో. కళ్ళు మూసే ఉన్నాయి కనుక పని తక్కువట.

రోమ్, మే 24

నాయనమ్మా! బతికే ఉన్నాను! నిన్న రెండు చేపలు తిన్నాను, శవం తింటుందా? ఈ కబురు విని కార్డినల్ గారు కూడా నా ఆత్మశాంతికి ప్రార్థన చేయించారు. పక్కనే నిలబడి నేనూ ఆమెన్ అన్నాను. అందరికీ చెప్పు. ఎంత ఏడ్చావో!

లాపో

తా.క.: నా మీద నేనే లాటిన్‌లో రాసుకున్న శోకగీతం జతచేశాను. బాగా కుదిరింది.

ఫ్లారెన్స్, జూన్ 2

లాపోకి నాయనమ్మ దీవెనలు.

నేను ఏడవలేదు. పెట్టె తెరిచినప్పుడే తెలుసు. అచ్చులో ముక్కు దగ్గర గడ్డిపుల్లల గుర్తులున్నాయి. పోయినవాడికి ఊపిరి పుల్లలు ఎందుకు? చెబుదామని నోరు తెరిచాను. ఈలోపు లిసా పక్కన కూర్చుని, "రెండు ముద్దలు తిను అత్తా" అంటూ చిక్కుడుగింజల చారు పోసింది. మర్నాడు ఇంకొకరు వచ్చారు. మీ తాత పోయాక ఈ బల్ల చుట్టూ అంతమంది కూర్చోలేదు. నోరు మూసుకున్నాను. తర్వాత నీ ఉత్తరం చూపించానే గానీ, వాళ్ళను నమ్మించాలని చూడలేదు. ఇప్పుడు చెప్పినా, "దుఃఖంతో మతి చలించింది" అంటారు.

శోకగీతంలో తప్పులు రెండు. పోయినవాడివైతే క్షమించేదాన్ని.

ఇక జరగవలసినవి:

1. పండుగలోపు నువ్వు పట్టపగలు, మన వీధిలోంచి నడిచి రావాలి. చీకటిపడ్డాక వస్తే మియా గుండె ఆగుతుంది.
2. కళ్ళు తెరిచి బిండో ఎదుట కూర్చోవాలి.
3. లిసాకు క్షమాపణ నువ్వే చెప్పాలి. నాకు అలవాటు లేదు.
4. నిన్ను చూశాక వాళ్ళు భోజనానికి రావడం మానేస్తారు. కనుక నువ్వు ఉండిపోవాలి.