తాళం ఎవరి దగ్గరుండాలి

గాల్వే, ఐర్లాండ్, మంగళవారం రాత్రి

మావారి తుపాకీ లైసెన్సు కోసం ఇల్లు చూడడానికి ఈరోజు పోలీసు గార్డ్ వచ్చాడు. ఆఫీసులో తోటివాళ్లు ఆదివారాలు మట్టి పళ్లేలు గాల్లోకి ఎగరేసి కాలుస్తారట. ఈయనకీ ఆ సరదా పుట్టింది.

వారం నుంచి ఈయనకు నిద్ర లేదు. పద్నాలుగేళ్లప్పుడు తెనాలిలో సైకిలు దొంగిలించి, పిల్లల కోర్టు దాకా వెళ్లొచ్చారట. పెళ్లయి ఇన్నేళ్లయ్యాక, లైసెన్సు పుణ్యమా అని నాకూ ఇప్పుడే తెలిసింది.

టీ ఇచ్చేలోపే ఈయన గార్డ్‌తో అంతా ఒప్పేసుకున్నారు. అతను రాసుకుని, "గ్రాండ్, ఫర్వాలేదు. చిన్నతనంలో జరిగింది, దాచకుండా చెప్పారు. నిర్ణయం పై ఆఫీసరుదే గానీ, దీనికోసం ఆపుతారనుకోను" అన్నాడు.

తర్వాత తుపాకీ కోసం కొన్న ఇనప్పెట్టె తెరవమన్నాడు. ఈయన నావైపు చూశారు. నేను మంగళసూత్రానికున్న పిన్నీసు నుంచి తాళంచెవి తీసి తెరిచాను. లోపల నా హారం, వడ్డాణం, గాజులు. ఇంత గట్టి పెట్టె ఖాళీగా ఉంటే ఇంకేం పెడతాను?

"లైసెన్సు ఆయన పేరు మీద కాబట్టి తాళం ఆయన దగ్గరే ఉండాలి మేడమ్. ఎక్కడ దాస్తారో మీకు కూడా తెలియకూడదు" అన్నాడు గార్డ్.

అంటే ఇల్లాలికి ఇవ్వకూడదు, సైకిలు దొంగకి ఇవ్వాలి.

అతను వెళ్లగానే నగలన్నీ తీసేశాను. ఎక్కడ పెట్టావని ఈయన రెండుసార్లు అడిగారు. గార్డ్ వదిలేసినా, నా దగ్గర ఆ కేసు ఇంకా నడుస్తోందని చెప్పాను.