ఆవకాయ సీసాల పక్కన సాలీడు

తల్లీ హెలెన్,

మీ బాబాయి ఇస్సాకు "ఏం కాదు అమ్మడూ, కరవదు" అంటే నమ్మేశావు. కరవనిదాన్ని వాడు తెనాలి నుంచి చేతులకి తొడుగులేసుకొని ఎందుకు తెచ్చాడంటావు?

ఆవకాయ సీసాల పక్కన పెట్టిన నీ సాలీడు సీసాని బీరువా మీదకి మార్చాను. నిన్న అన్నంలోకి ఆవకాయ అనుకొని దాని మూతే తిప్పబోయాను. నేనొచ్చేదాకా ముట్టుకోకు. వీడియో కోసం అరచేతిలో అసలే పెట్టుకోకు. ఒకవేళ కరిస్తే సున్నాలూ పసర్లూ వద్దు, ఆటో ఎక్కి నేరుగా రేపల్లె ఆసుపత్రికి పో.

బాపట్లలో పురుగుల చదువు చదివిన సారొకాయన ఉన్నారట. దీన్ని ఆయన తీసుకుంటారేమో అడిగొస్తాను. చంపబుద్ధి కాలేదు, రాణి అని పేరు పెట్టుకున్నావుగా. మూత చిల్లుల్లోంచి నాలుగు చుక్కల నీళ్లు కూడా పోశాను.

అన్నం వార్చి పెట్టాను, తిను.

నాన్న

ఇంకో మాట. మీ అమ్మని పాము కరిచిన రోజు కూడా వాడు "ఏం కాదు, సున్నం రాయండి" అన్నాడు. నేనూ నమ్మి ఒక పూట ఆలస్యం చేశాను. ఆసుపత్రి ఖర్చులకి పొలం అమ్మితే అమ్మ దక్కింది. నీకోసం అమ్ముదామంటే ఇంకేం లేదు తల్లీ. పెనుమూడిలో ఉన్న నలభై రెండు సెంట్లూ అప్పుడే పోయాయి.