కుంటిన కుక్కను విప్పేశారు

అన్నా,

ఏళ్ల కిందట నువ్వు పోయింది ఇదే రోజున. ఇక్కడ అమెరికాలో, రెడ్‌మండ్‌ ఆఫీసులో నాతో పనిచేసేవాళ్లతో కలిసి ఓడలో అలాస్కా వచ్చాను. ఓడ ఆగిన చిన్న ఊళ్లో మమ్మల్ని కుక్కల బండి ఎక్కించారు. వేసవిలో అక్కడ మంచు ఉండదు, అందుకని కుక్కల్ని చక్రాల బండికి కట్టారు. పరుగంటే ఆ కుక్కలకు ఎంత పిచ్చో నువ్వు చూడాల్సింది.

సగం దారిలో ముందున్న కుక్క కాస్త కుంటింది. బండి తోలే ఆవిడ వెంటనే ఆపి, దాని పట్టీలు విప్పి తన పక్కన కూర్చోబెట్టుకుంది. అది మళ్లీ కిందికి దూకబోయింది. "వాటంతట అవి ఆగవు, మనమే ఆపాలి," అందావిడ.

"ఇంకాస్త దూరం లాగితే ఏమైపోద్ది?" అన్నాడు మా ఆఫీసు కిరణ్.

"నువ్వు దిగి లాగు," అన్నాను. అందరూ జోక్ అనుకుని నవ్వారు.

మిర్చి యార్డులో లారీలకు బస్తాలు ఎత్తేటప్పుడు మేస్త్రీ నిన్ను "మా ఎద్దు" అని పిలిస్తే మురిసిపోయేవాడివి. ఆ రోజు జ్వరంతో ఒళ్లు కాలిపోతుంటే వచ్చి పిలిచాడు. నేను చెయ్యి పట్టుకుని ఆపాను. "నేను లేకపోతే లారీ నిండదే. మనింట్లో చదివేది నువ్వొక్కదానివి, పో, కాలేజీకి పో," అని విదిలించుకుని వెళ్లావు. లారీ నిండింది. నువ్వు దాని పక్కనే కూలిపోయావు. మర్నాడు మేస్త్రీ వచ్చి, "అట్టాంటి పనోడు మళ్లీ దొరకడమ్మా," అన్నాడు.

వాణ్ణి నేను క్షమించను. నిన్ను కూడా. ఆగాలని కుక్కకు తెలియదు. నీకు తెలుసు, అన్నా.