చప్పుడు లేని పేలుడు

అన్నా,

మన అంతరిక్ష నౌక సినిమాను మళ్లీ కొత్తగా తీశారు. తెలుగు మాటలతో కడపకు వచ్చింది. "అన్న సంవత్సరీకం నిన్ననే అయ్యిండాది, అప్పుడే సినిమా ఏందిమే" అని అమ్మ కేకలేసింది. అయినా మా ఆయన్ని వెంటబెట్టుకుని బద్వేలులో బస్సెక్కాను. నువ్వుంటే మొదటి ఆటకే వెళ్లేవాడివి కదా.

ఈ కెప్టెన్‌కు మీసం కూడా సరిగా రాలేదు. పాత నౌకలో తలుపు తీయాలంటే ఇద్దరు భుజాలు పెట్టి తోసేవాళ్లు, ఇందులో చూస్తే చాలు తెరుచుకుంటుంది. రోబో మాటిమాటికీ నవ్వుతుంది. మన రోబో ఒక్కసారైనా నవ్విందా? ఇవన్నీ పళ్లు బిగించి ఓర్చుకున్నాను.

పాత సినిమాలో నౌక పేలినప్పుడు చప్పుడే ఉండదు. ఇదే హాల్లో జనం సౌండు పోయిందనుకుని కుర్చీలు బాదారు. నువ్వు లేచి, "గాలి లేని తావ సౌండు యాడుంటాదప్పా, కూసోండి" అని అరిచావు. ఒక్కరూ వినలేదు. చివరికి ఆపరేటర్ కూడా భయపడి రీలు ఆపేశాడు. బస్సులో ఇంటిదాకా నువ్వు అదే మాట మీదున్నావు.

కొత్త సినిమాలో ఆ ఘట్టం దగ్గరపడగానే నేను రెండు చెవులూ గట్టిగా మూసుకున్నాను. మా ఆయన నా చెయ్యి పట్టి లాగాడు.

"ఏం చేస్తాండావు? సౌండు శానా బాగుండాది, విను."

"మా అన్న సినిమాలో సౌండు లేదు" అన్నాను. చేతులు తీయలేదు.

మన నౌక చప్పుడు లేకుండానే పేలింది.

నీ చెల్లెలు